కట్టు కట్టించుకున్నదెవరు?

మెట్లు మొత్తం పద్దెనిమిది. కింది పన్నెండు మెట్లు తడిగా ఉన్నాయి, పై ఆరు పొడిగా ఉన్నాయి. శవం మెట్ల అడుగున బోర్లా పడి ఉంది. పక్కనే నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు ఒరిగి ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసుకుంది. పొద్దున ఏడూ యాభై.

స్టేషనుకు ఫోను వచ్చింది ఏడూ పదికి. చేసింది కింది వాటాలో ఉండే డ్రైవరు భార్య. చనిపోయింది సైనిక ఆసుపత్రిలో పెద్ద నర్సు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పై వాటాలో ఒంటరిగా ఉండేది. క్వార్టర్సులో ఆడవాళ్ళందరికీ సిస్టరక్క. రాత్రి డ్యూటీ దిగుతూ ఆసుపత్రి రిజిస్టర్లో ఆరింటికి సంతకం పెట్టింది. రేపు పొద్దున పదింటికి హక్కుల కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాలి. ఆమెకు రక్షణగా మనిషిని పంపమని కమిషన్ రాసిన కాగితం మూడు రోజులుగా ఇన్‌స్పెక్టరమ్మ బల్ల మీదే ఉంది. రేపటి సంగతి కదా అనుకుంది.

"నీళ్ళు మోసుకొస్తూ కాలు జారిందని గేటు దగ్గర జవాను చెబుతున్నాడు మేడమ్" అన్నాడు రేడియో. ముప్పయ్యేళ్ళ సర్వీసున్న కానిస్టేబులు. నోటికి విరామం లేకపోవడం వల్ల అసలు పేరు పోయి ఆ పేరే నిలిచిపోయింది. "కానీ ఇక్కడ కుళాయి ఎనిమిదింటికి గానీ రాదట. అదీ రోజు మార్చి రోజు. పది నిమిషాలు ఆగితే కుళాయే వచ్చి సాక్ష్యం చెబుతుంది."

ఆమె మూడో మెట్టు మీద చూపుడువేలు రాసి వాసన చూసింది. ఫినాయిల్. ఎండిన చోటల్లా తెల్లటి చార కట్టింది. చారల మధ్య చెప్పుల గుర్తులు, వట్టి పాదాల గుర్తులు ఉన్నాయి.

శవం దగ్గర కూర్చుంది. బోర్లా పడిన మనిషికి దెబ్బ తల వెనక తగిలింది. ఏ మెట్టు అంచునా నెత్తురు లేదు. ఎడమచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నెమ్మదిగా విప్పింది. అరచేతిలో నీలం ఇంకు, కాస్త అలుక్కుపోయింది కానీ చదవడానికి వీలుగానే ఉంది. చేతిలో కాగితం లేనప్పుడు నర్సులు టైమూ, రక్తపోటూ అరచేతిలో రాసుకుంటారు.

6-35. 150/100. సి-4.

ఫోనుతో రెండు ఫోటోలు తీసి, వేళ్ళు మళ్ళీ ఎలా ఉన్నవి అలా ముడిచింది.

"సి-4 ఎవరి క్వార్టరో చూసిరా. నోరు విప్పకుండా."

"మొదటిది సులువే మేడమ్" అంటూ కదిలాడు రేడియో.

అతను మలుపు తిరిగేలోపే జీపు వచ్చి ఆగింది. దిగినవాడు మిలిటరీ పోలీసు మేజరు. ఇస్త్రీ నలగని బట్టలు, నవ్వు నలగని ముఖం. ఇన్‌స్పెక్టరమ్మకు అతను కొత్త కాదు.

"వచ్చినందుకు థాంక్స్ ఇన్‌స్పెక్టర్ గారూ. ఇక మేం చూసుకుంటాం. ఆంబులెన్సు వస్తుంది, పోస్టుమార్టం మా ఆసుపత్రిలోనే."

"చనిపోయింది సివిల్ ఉద్యోగి. పంచనామా అయ్యేదాకా శవం కదలదు."

"ఆవరణ మాది."

"రెండేళ్ళ కిందట కూడా ఇదే మాటన్నారు. మీ గేటు దగ్గర కూరగాయలమ్మే అమ్మాయి కేసులో. నమ్మి ఫైలు చేతికిచ్చాను. మూడు నెలలు ఉంచుకుని రెండు వాక్యాలు రాసి పంపారు."

"సాక్ష్యాలు లేకపోతే మూడో వాక్యం ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?" అతని గొంతు పెరగలేదు. "చూడండి, కొండల్లో మా కుర్రాళ్ళు ప్రాణాలు పణంగా పెట్టి పనిచేస్తున్నారు. రేపు కమిషన్ వస్తోంది, పత్రికలవాళ్ళు వస్తున్నారు. ఇలాంటి సమయంలో కాలు జారిన కేసుని కథ చెయ్యకండి. ఆవిడ నీళ్ళు మోస్తూ..."

గోడవారగా ఉన్న కుళాయి దగ్గింది. రెండుసార్లు గాలి కక్కి, తుప్పునీళ్ళు చిమ్మి, ఆ తర్వాత సన్నగా ధార కట్టింది. ఇద్దరూ అటు తిరిగారు.

"ఎనిమిదయింది" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నీళ్ళు ఇప్పుడొస్తున్నాయి. ఆవిడ ఏడూ పదికి ముందే చనిపోయింది. మరి ఏ నీళ్ళు మోసిందంటారు మేజరు గారూ? అందులో ఫినాయిల్ ఎవరు కలిపారు?"

మేజరు తెలివితక్కువ మనిషి కాదు. మెట్లనీ, బకెట్టునీ, కుళాయినీ వరసగా చూశాడు. ఆ మొహంలో మొదటిసారి ఒక మడత కనిపించింది. నిజంగానే అతనికి ఇదంతా తెలియదేమోనని ఆమెకు అనుమానం కలిగింది.

"పైన చూద్దాం పదండి" అన్నాడు.

రేడియో తిరిగొచ్చాడు. మేజరు నాలుగు మెట్లు ఎక్కేదాకా ఆగి, చెవి దగ్గరకొచ్చి, జీవితంలో తొలిసారి మూడే మాటల్లో ముగించాడు.

"ఆయన ఇల్లే మేడమ్."

*

పై వాటాలో ఉన్నది ఒకటే గది, ఓ మూల వంటగట్టు, ఇంకో మూల స్నానాలగది. నీళ్ళ డ్రమ్ము అడుగంటి ఉంది. మంచం దుప్పటి నలగలేదు. అంటే డ్యూటీ నుంచి వచ్చి నడుం వాల్చనైనా లేదు.

బల్ల మీద రక్తపోటు చూసే పరికరం తెరిచి ఉంది, చేతికి చుట్టే పట్టీ విప్పి ఉంది. స్టీలు గిన్నెలో గోధుమరంగు మందులో నానిన దూది. పక్కన కత్తెర, సగం వాడిన కట్టుగుడ్డ చుట్ట. రెండు గ్లాసుల్లో టీ. ఒకటి ఖాళీ, రెండోది ముట్టుకోకుండా మీగడ కట్టింది.

గోడ అరలో డైరీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏ ఏడాదిది ఆ ఏడాది, పద్నాలుగేళ్ళవి. చివర రెండు డైరీలంత ఖాళీ. ఆ ఖాళీలో దుమ్ము లేదు.

ఆమె అరవైపు చూస్తుంటే మేజరు బల్ల దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడెవరో ఉన్నారు" అన్నాడు. "శవం మీద కట్టు లేదు. ఈ గుడ్డ ఇవాళ కత్తిరించిందే. ఎవరికో కట్టు కట్టింది, ఇంత సన్నటి గుడ్డ చేతికే కడతారు. రెండో టీ ఆ మనిషిదే. పట్టీ మీద బిగించిన ముడత చివరిదాకా పడి ఉందంటే సన్నటి చెయ్యి, ఆడమనిషి చెయ్యి."

ఆ గదిలో అంతకన్నా బాగా ఎవరూ చూడలేరు. ఇన్‌స్పెక్టరమ్మ ఫోటోలున్న ఫోనును జేబులో ఇంకా లోపలికి తోసింది.

"ఆమే సాక్షి" అన్నాడతను. "లేదా ఆమే హంతకురాలు. క్వార్టర్సులో ఉన్నవి నలభై ఇళ్ళు. కట్టు ఉన్న చెయ్యి ఒకటి. అరగంటలో పట్టేస్తాం. పైవాళ్ళకి చెప్పి వస్తాను."

"ఎవరికి?"

"అది మీకు అనవసరం" అని ఫోను చెవికి ఆనించుకుంటూ వరండాలోకి వెళ్ళాడు.

ఆమె చకచకా స్నానాలగది దగ్గరకు నడిచింది. తలుపుకి గడియ బయటివైపు ఉంది, తీసి ఉంది. లోపల నేల పొడిగా ఉంది. తలుపు వెనకవైపు నడుమెత్తున గోధుమరంగు మరక. అరచెయ్యి అంత మరక, దాని కింద చిన్నది మరోటి, ఇంకోటి. కొత్తగా కట్టు కట్టిన చేత్తో ఎవరో లోపల్నుంచి తలుపుని తోశారు. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

గడియ పెట్టిందెవరు? తీసిందెవరు?

*

డ్రైవరు భార్యకు పాతికేళ్ళకు మించి ఉండవు. స్టవ్వు మీద అన్నం మాడుతున్న సంగతి కూడా చూసుకోలేదు. రేడియోనే వెళ్ళి కట్టేసి, మూత తీసి, "అడుగంటింది గానీ పైది పనికొస్తుందమ్మా" అని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎప్పుడు చూశావు?" అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఏడింటికమ్మా. చూసీ చూడగానే ఫోన్ చేశా."

"చప్పుడు వినపడలేదా?"

"వినపడింది. ఏదో పడ్డట్టు... పడ్డాక బండి వెళ్ళిపోయింది."

"ఎన్నింటికి?"

"మా ఆయన ఆరూ నలభై అయిదుకి డ్యూటీకెళ్ళాడు. ఆయన సైకిలు గేటు దాటి ఉంటుంది, అంతే."

"అంటే ఆరూ యాభై అనుకుందాం. ఫోను చేసింది ఏడూ పది. నీ గుమ్మానికీ శవానికీ మధ్య ఆరడుగులు. ఇరవై నిమిషాలు ఏం చేశావమ్మా?"

"భయమేసింది... కాళ్ళూ చేతులూ ఆడలేదు..."

"కాళ్ళు ఆడాయి. తడిమెట్ల మీద నీ చెప్పుల గుర్తులు పైకి ఒక వరస, కిందికి ఒక వరస ఉన్నాయి. కిందికి వచ్చేటప్పుడు నీ పక్కన ఇంకో జత పాదాలున్నాయి, చెప్పులు లేనివి. గడియ తీసింది నువ్వేగా?"

ఆ అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంది. గాజులు మోచేతి వైపు జారాయి. రెండు మణికట్ల చుట్టూ పాలిపోయిన పట్టీ లాంటి గుర్తు. గాయమని చెప్పలేం. కానీ ఒకసారి కంటబడ్డాక చూపు తిప్పుకోలేం.

ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇది మీ ఆయన పనేనా?"

"మా ఆయన చెడ్డోడు కాదమ్మా." ఆ మాట ఎన్నోసార్లు అన్నదే అయినట్టు తడబడకుండా వచ్చింది. తడబాటంతా ఆ తర్వాతే. "ఇదివరకు కోపమొస్తే కంచం తోసేసి బయటికి పోయేవాడు. రాత్రికి తనే వచ్చి వడ్డించుకునేవాడు. కొండల్లో ఆర్నెల్లు ఉండొచ్చాక కోపమే రావట్లేదు. నిదానంగా లేచి తువ్వాలు తడుపుకొస్తాడు. అది చుట్టి, దాని మీద తాడు కడతాడు. కట్టి, ఎదురుగా కూర్చుని ప్రశ్నలేస్తాడు. ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు, మళ్ళీ మొదట్నించీ చెప్పు... నేను ఆయన పెళ్ళాన్నని గుర్తున్నట్టే ఉండదమ్మా ఆ కళ్ళల్లో."

గుమ్మం దగ్గర రేడియో బయటివైపు తిరిగి నిలబడ్డాడు.

"సిస్టరక్కకి చూపించావా?"

"చూపించా. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. 'ఈ గుర్తు నేను కొండల్లో చూశానే. విచారణకని పట్టుకొచ్చిన ఆడవాళ్ళ చేతులకి. మూడు నెల్లు అక్కడి శిబిరంలో పనిచేశాను, డెబ్భై మందికి మందు రాశాను. అది మీ ఇళ్ళదాకా వచ్చేసింది' అంది. అక్కడి ఆడవాళ్ళవీ, ఇక్కడి మా అందరివీ రాసి పెట్టింది. రేపు చదువుతానంది. పేర్లు చదవను, భయపడకండి అంది."

"ఇవాళ పొద్దున పైన ఉన్నావిడ ఎవరు?"

"చంపినా చెప్పను. చెబితే ఆవిడ ప్రాణం పోతుంది."

"చెప్పొద్దులే. నాకు సిస్టరక్క చెప్పింది." ఇన్‌స్పెక్టరమ్మ లేచింది. "ఒక్క మాట చెప్పు. వెళ్ళిపోయిన బండి ఏం బండి?"

"ఆసుపత్రి ఆంబులెన్సమ్మా" అంది ఆ అమ్మాయి, ఇది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "అందుకే ముందు ఊరుకున్నా. అక్కని తీసుకెళ్ళడానికి వచ్చిందేమో అనుకున్నా."

బయటికి రాగానే రేడియో అన్నాడు: "స్ట్రెచర్లు కడగడానికి ఆంబులెన్సు వెనకాల ఫినాయిల్ నీళ్ళ డబ్బా ఒకటి పెడతారు మేడమ్. మా బావమరిది పదేళ్ళు నడిపాడు."

"మేజరు ఎక్కడ?"

"ఇంకా ఫోన్లోనే ఉన్నాడు."

"ఆయనకన్నా ముందు వాళ్ళింటికి చేరాలి. పద."

*

సి-4 తలుపు గొలుసు మేరకు తెరుచుకుంది. ముప్పయి నాలుగేళ్ళ మనిషి. ఆ ఉక్కలో మోచేతులు దాటి మణికట్టుదాకా జాకెట్టు చేతులు. పైటచెంగు ఎడమచేతికి చుట్టుకుని ఉంది.

"ఆయన లేరండీ."

"మీకోసమే వచ్చాను. మీ రక్తపోటు నూటయాభై ఉంది. కూర్చుని మాట్లాడుకుందాం."

ఆవిడ గొలుసు తీసింది. రేడియో బయటే ఉండిపోయాడు.

హాల్లో గోడ నిండా ఫోటోలు, షీల్డులు. ఆవిడ వాటికి వీపు పెట్టి కూర్చుంది.

"ఆరున్నరకి వెళ్ళాను. ఆయన పరేడులో ఉంటారు ఆ టైముకి. సిస్టరక్క కట్టు కడుతూ రేపు నాతో రమ్మంది. 'మేజరు గారి భార్య నిలబడితే డ్రైవరు పెళ్ళాం కూడా నిలబడుతుందమ్మా' అంది. నేను ఆలోచిస్తానన్నాను." ఆగింది. "ఆలోచిస్తానన్నాను, అంతే. ఈలోపు కింద బండి ఆగింది. అక్క కిటికీలోంచి చూసి నన్ను స్నానాలగదిలోకి నెట్టేసింది. బయట గడియ పెట్టింది. లోపల ఎవరూ లేరని అనుకోవాలని. తలుపు కొట్టాను. మూసేశాక కొట్టాను. వాళ్ళు వచ్చాక కొట్టలేకపోయాను."

"ఎవరు వచ్చారు?"

ఆవిడ నోరు తెరిచింది. బయట రేడియో అవసరం లేని దగ్గు గట్టిగా దగ్గాడు. తాళంచెవి తిరిగింది.

మేజరు లోపలికి వచ్చి ఇన్‌స్పెక్టరమ్మని చూశాడు. నలగని నవ్వు ఒకటి మొహం మీదికి తెచ్చుకోబోయాడు. అంతలో భార్య చేతికి చుట్టిన చెంగు జారింది. తెల్లటి కట్టు.

మేజరు ఆ కట్టు వైపు ఒక అడుగు వేశాడు.

"నువ్వా?" అన్నాడు. "ఆ చెయ్యి... ఎప్పుడు?"

"మొన్న. మీరే. మీకు కనపడలేదు, చూస్తే కదా కనపడేది."

"మేజరు గారూ, అక్కడే నిలబడండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆమె చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, చెప్పండి. సిస్టరక్క గదికి వచ్చింది ఈయనేనా?"

ఆవిడ భర్త వైపు తేరిపార చూసింది.

"కాదు. ఈయనైతే బాగుండేది. ఈయన ఎప్పుడు ఏం చేస్తారో నాకు తెలుసు, తప్పుకోవడం తెలుసు." గొంతు సన్నబడింది. "ఆసుపత్రి పెద్ద, కర్నలు గారు. ఆ గొంతు నాకు తెలుసు. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చారు. డైరీలు ఇవ్వమన్నారు. అక్క ఇవ్వనంది. 'నువ్వు నర్సువి, రాయమన్నది రాయడమే నీ పని' అన్నారు. దానికి అక్క, 'ఎంతసేపు కట్టొచ్చో, ఎలా కడితే మచ్చ పడదో శిబిరంలో బోర్డు మీద గీసి చూపించింది మీరే కదా సార్. గీసిన తారీకు కూడా రాసుకున్నాను' అంది. ఆ తర్వాత ఒక్క చప్పుడే వినపడింది."

మేజరు కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఆయన డాక్టరు" అన్నాడు. అది అభ్యంతరమో ప్రశ్నో తెలియలేదు. "అది మాకు... ట్రైనింగ్ కోర్సులో భాగం. శత్రువుల కోసం."

"శత్రువులు అయిపోయారా?" అడిగింది భార్య.

అతను నేల చూపులు చూశాడు. కాసేపటికి ఆ చూపు హఠాత్తుగా పైకి లేచింది. రంగు పోయింది మొహంలో.

"మేజరు గారూ, ఇందాక ఫోను ఎవరికి చేశారు?" అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ. అడుగుతుండగానే జవాబు ఆమెకు తెలిసిపోయింది.

"కర్నలు గారికి. నర్సు వాళ్ళ మనిషి కదా, చెప్పాలి కదా. గదిలో ఇంకో ఆడమనిషి ఉందనీ, చేతికి కట్టు ఉంటుందనీ చెప్పాను. సరే, నేను చూసుకుంటానన్నారు."

ఇన్‌స్పెక్టరమ్మ ఫోను తీసి స్టేషనుకు రెండు ముక్కలు చెప్పింది. ఆవరణ గేటు దాటి తన మనుషులు రావాలంటే పావుగంట పడుతుంది. అదీ గేటువాళ్ళు తెరిస్తే.

బయట బండి ఆగింది. తలుపులు తెరుచుకున్న చప్పుడు, ఇనుప చక్రాలు గచ్చు మీద దొర్లిన చప్పుడు. "ఏయ్, ఎక్కడికయ్యా? ఆగమంటుంటే!" అని రేడియో గొంతు లేచింది. ఎవరో అతన్ని పక్కకు నెట్టారు. కాలింగ్ బెల్లు మోగింది.

"సార్! మేడమ్ గారికి ఒంట్లో బాగోలేదని కర్నలు గారు ఆంబులెన్సు పంపారండీ. వెంటనే తీసుకురమ్మన్నారు."

మేజరు తలుపు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"నేనాయనకి ఎవరి పేరూ చెప్పలేదు" అన్నాడు. "నాకే తెలియదు కదా. ఎలా తెలిసింది?"

"పేరెందుకు?" అంది ఆవిడ. కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకుంది. "నొప్పి ఆగక, ముందు ఆయన దగ్గరికే వెళ్ళాను, నిన్న పొద్దున. కళ్ళజోడు పెట్టుకుని, లైటు వేసి చూశారు. మచ్చ మిగలదులేమ్మా అన్నారు."

బెల్లు ఆగిపోయింది. తలుపుకి భుజం ఆనించి తోయడం మొదలుపెట్టారు.